26 మంది పిల్లల బడికి ఏడాదికి 10 వేలే ఎందుకు?

అమ్మా, మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పి మొదలుపెడతాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీరు ఆంధ్రప్రదేశ్‌లో మీ ఊరి ప్రాథమిక పాఠశాలకు యాజమాన్య కమిటీ చైర్‌పర్సన్. బడిలో 26 మంది పిల్లలు, ఒక్కరే టీచరు. ఏడాది మొత్తానికి గ్రాంటు 10,000 రూపాయలు, అదీ ఫిబ్రవరిలో వచ్చింది. బడికి పోయే పిల్లల తల్లులకు సర్కారిచ్చే తల్లికి వందనం డబ్బు ఖాతాల్లో పడగానే నాలుగు కుటుంబాలవాళ్లు ఇంటికొకరు చొప్పున నలుగురు పిల్లల్ని మండల కేంద్రంలోని ప్రైవేటు బడి వ్యాన్ ఎక్కించారు. "చదువుకు వేల కోట్లు ఇస్తున్నామంటారు, మా టీచరమ్మ మాత్రం చీపుర్లు సొంత డబ్బుతో కొంటోంది. ఈ లెక్క ఎవరు వేస్తారు? మా బడి ఉంటుందా, పోతుందా?" అని అడిగారు.

నేను 398 రూపాయల జీతంతో స్పెషల్ టీచరుగా చేరినవాణ్ణి. రెగ్యులర్ టీచరుకిచ్చే జీతంలో చిన్న ముక్క ఇచ్చి అదే పని చేయించుకున్న రోజులవి. తర్వాత హెడ్మాస్టరుగా, చుట్టుపక్కల బడులను ఒక గుంపుగా చూసుకునే స్కూల్ కాంప్లెక్స్ హెచ్‌ఎంగా పని చేసి ఈమధ్యే రిటైరయ్యాను. బడుల క్యాష్ బుక్కులు చాలా చూశాను కాబట్టి, మీ ప్రశ్నకు డబ్బు నడిచే దారి చూపిస్తూ జవాబు చెబుతాను.

మీ బడికి సంబంధించిన సర్కారు డబ్బు మూడు దారుల్లో నడుస్తుంది. అన్నిటికంటే పెద్దది టీచరు జీతం. అది రాష్ట్ర ఖజానా నుంచి నేరుగా టీచరు ఖాతాకు పోతుంది, బడికి కనపడదు. రెండోది సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద వచ్చే గ్రాంటు. దీంట్లో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. మూడోది తల్లి ఖాతాలో పడే డబ్బు. ఈ మూడింటికీ ఇప్పుడు కొలబద్ద ఒక్కటే: బడిలో ఎంతమంది పిల్లలున్నారు. మార్కెట్ పద్ధతి అని పెద్ద పెద్ద మాటల్లో చెప్పేదాని సారం ఇదే. పిల్లవాడు ఎటు పోతే డబ్బు అటు పోవాలి, బడులు పిల్లల కోసం పోటీ పడాలి, పోటీలో నిలవలేనిది దానంతటదే మూతపడాలి. 1955లో అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఈ వాదనను వోచర్ల (నచ్చిన బడిలో ఫీజు కింద చెల్లేలా సర్కారు తల్లిదండ్రులకిచ్చే చీటీల) పేరుతో ముందుకు తెచ్చాడు. 1981లో చిలీ దేశం సైనిక పాలన కింద దాన్ని దేశమంతా అమలు చేసింది. మన దగ్గర ఎవరూ ఆ పేరు పెట్టి తేలేదు. ఒక్కొక్క జీవోతో, ఒక్కొక్క మార్గదర్శకంతో అక్కడికే చేరుకున్నాం.

ముందు గ్రాంటు సంగతి చూద్దాం, మీకు బాగా నొప్పి తగిలింది అక్కడే కదా.

2010 ప్రాంతంలో నేను ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాలలో ఉన్నాను. సమగ్ర శిక్షకు ముందున్న సర్వశిక్షా అభియాన్ నడుస్తున్న రోజులు. బడి గ్రాంటు 5,000. మూడు గదుల లోపు బడికి మరమ్మతుల గ్రాంటు 5,000. బోధనా సామగ్రికి టీచరుకు 500 చొప్పున ఇద్దరికి 1,000. మొత్తం 11,000. బడిలో 20 మంది ఉన్నా, 80 మంది ఉన్నా అంతే. డబ్బు తక్కువే, కానీ ఆ లెక్కలో ఒక న్యాయం ఉండేది. బడి అంటూ ఒకటి ఉంటే దానికి కొంత ఖర్చు తప్పదని ఒప్పుకున్న లెక్క అది.

2018లో సమగ్ర శిక్ష వచ్చి ఈ చిన్న చిన్న గ్రాంట్లన్నిటినీ కలిపి కాంపోజిట్ గ్రాంటు అని ఒకటి చేసింది. ఇప్పుడున్న శ్లాబులు ఇవి: 30 మంది దాకా 10,000; 31 నుంచి 100 దాకా 25,000; 101 నుంచి 250 దాకా 50,000; 251 నుంచి 1000 దాకా 75,000; ఆ పైన లక్ష. దీంట్లో కనీసం పదో వంతు పరిశుభ్రతకే ఖర్చు పెట్టాలి. అంటే 2010లో 11,000 అందుకున్న బడి, పిల్లలు 30కి తగ్గితే ఇవాళ 10,000 అందుకుంటుంది. ఈ మధ్యకాలంలో చాక్‌పీసు డబ్బా ధర, కరెంటు యూనిట్ ధర, ప్లంబరు కూలీ ఏమయ్యాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

బడి ఖర్చు పిల్లల సంఖ్యను బట్టి మారదు. కాంప్లెక్సు బడుల క్యాష్ బుక్కులు తనిఖీ చేసేటప్పుడు 22 మంది బడిదీ 90 మంది బడిదీ పక్కపక్కన పెట్టి చూసేవాణ్ణి. రెండింటికీ కరెంటు బిల్లు ఉంటుంది. బోరు మోటారు కాలితే రివైండింగ్‌కు ఇద్దరూ ఒకే మెకానిక్‌కు ఒకే రేటు ఇవ్వాలి. అటెండెన్స్ రిజిస్టరు, అడ్మిషన్ రిజిస్టరు, స్టాకు రిజిస్టరు అక్కడా ఇక్కడా అవే. హాజరు యాప్‌కు నెట్ రీచార్జ్ ఒకటే. ఆగస్టు 15కు జెండా తాడు, రంగు కాగితాలు ఒకటే. మారేవి చాక్లెట్లు, కొన్ని తెల్లకాగితాలు, అంతే. 22 మంది బడి పుస్తకంలో ఏప్రిల్ నుంచి జనవరి దాకా ఒక్క ఓచరూ (ఖర్చు రాసిన చీటీ) కనపడదు. ఫిబ్రవరి చివర్లో గ్రాంటు లిమిట్ పడ్డాక ఒకే వారంలో తొమ్మిదో పదో ఓచర్లు. ఆ పది నెలలూ బడి ఎలా నడిచిందని అడిగితే టీచరమ్మ చిన్న నోటుబుక్కు తీసి చూపించింది. ఫినాయిలు, చీపుర్లు, బల్బు, కుళాయి వాషరు, తాళం, అన్నీ తేదీలతో రాసి ఉన్నాయి, అన్నీ ఆమె డబ్బే. అందులో సగానికి పైగా ఆమెకు తిరిగి రాలేదు, రసీదులు లేవు కాబట్టి. ఊరి కిరాణా కొట్టువాడు వాషరుకు జీఎస్టీ బిల్లు ఎక్కడినుంచి ఇస్తాడు?

ఇంకో విషయం. ఇప్పుడు డబ్బు బడి ఖాతాలో నిల్వ ఉండదు. పైన ఒకే ఖాతా ఉంటుంది, బడికి ఇంత వాడుకోవచ్చని లిమిట్ ఇస్తారు. మార్చి 31లోగా వాడకపోతే ఆ లిమిట్ వెనక్కి పోతుంది. లిమిట్ ఫిబ్రవరిలో ఇచ్చి మార్చిలో వెనక్కి తీసుకుంటే, కాగితం మీద 10,000 ఇచ్చినట్టే ఉంటుంది. మీ బడిలో గత ఏడాది లిమిట్ ఎంత, వాడింది ఎంత, వెనక్కి పోయింది ఎంత అని మీరు అడగవచ్చు. కమిటీ చైర్‌పర్సన్‌గా ఆ పుస్తకం చూసే హక్కు మీకుంది.

శ్లాబుల వల్ల వచ్చే టెన్షన్ గురించి కూడా చెప్పాలి. 30 మందికి 10,000, 31వ పిల్లవాడు ఉంటే 25,000. లెక్కకు తీసుకునే తేదీ సెప్టెంబర్ 30, ఆ రోజు యూడైస్‌లో (బడుల, పిల్లల వివరాలు ఎక్కించే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ లెక్కలో) ఉన్న సంఖ్యే లెక్క. మా కాంప్లెక్సులో ఒక బడికి సరిగ్గా 31 మంది ఉన్నారు. ముప్పై ఒకటోవాడు ఇటుక బట్టీలో పని చేసే దంపతుల కొడుకు. సెప్టెంబర్ మూడో వారంలో ఆ కుటుంబం వేరే బట్టీకి పోతోందని తెలిసి హెచ్‌ఎం గారు సాయంత్రం వాళ్ల గుడిసె దగ్గరికి వెళ్లారు, నేనూ వెంట వెళ్లాను. సామాను మూట కట్టి ఉంది. పిల్లవాడు బడి సంచి భుజానికి తగిలించుకునే కూర్చున్నాడు. మా హెచ్‌ఎం నోట మాట రాలేదు. వాడి చదువు ఆగకుండా ఏం చేయాలని అడగడానికి వచ్చారా, బడి గ్రాంటు నిలుపుకోవడానికి వచ్చారా, ఆయనకే తెలియలేదు. చివరికి ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ చేతికిచ్చి, కొత్త చోట దగ్గర్లో ఏ బడి ఉందో ఫోన్ చేసి కనుక్కుని చెప్పి వచ్చాం. ఆ ఏడాది ఆ బడికి 15,000 తగ్గింది. ఒక ఉపాధ్యాయుణ్ణి అలాంటి ఇరకాటంలో నిలబెట్టే లెక్క నాకు ఎప్పటికీ నచ్చదు.

ఇది కొత్త జబ్బు కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1860లలోనే రిజల్ట్స్ గ్రాంట్ అనే పద్ధతి ఉండేది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలకు పరీక్ష పెట్టేవాడు, పాసైన తలకింత అని బడికి డబ్బు వచ్చేది. ఇంగ్లండ్‌లో 1862లో పెట్టిన పద్ధతికి అది చుట్టమే. మన వీధి బడుల పంతుళ్ల కూడు ఆ ఒక్క రోజు పరీక్ష మీద ఆధారపడింది. ఇన్‌స్పెక్టరు అడిగేవి మాత్రమే బట్టీ పట్టించడం, రానివాణ్ణి వెనక్కి నెట్టడం సహజంగానే జరిగాయి. 20వ శతాబ్దం మొదటికి రెండు దేశాల్లోనూ దాన్ని వదిలేశారు.

ఇక రెండో సంగతి, అసలు పెద్ద డబ్బు, టీచరు పోస్టు. 10,000 గ్రాంటు గురించి మనం బాధపడుతున్నాం గానీ, ఒక టీచరు పోస్టు పోతే బడి నుంచి పోయేది ఏడాదికి లక్షల్లో ఉంటుంది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని షెడ్యూలు ప్రకారం 1 నుంచి 5 తరగతులున్న బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు ఉండాలి. 10 మంది ఉన్నా ఇద్దరు ఉండాలనే దాని అర్థం. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన జీవో 117 ఈ బొమ్మను మార్చేసింది. కిలోమీటరు లోపు హైస్కూలు ఉన్నచోట 3, 4, 5 తరగతులను అక్కడికి పంపారు. 1, 2 తరగతులు మాత్రమే మిగిలిన బడికి 30 మంది దాకా ఒకే టీచరు. 2025లో ఆ జీవోను రద్దు చేసి, తరగతికొక టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టారు. తరగతికొక టీచరు అనేది మేం ఎన్నో ఏళ్లు కోరిన మాట, దానికి నేను సంతోషించాను. అయితే ఆ టీచర్లు వచ్చేది చుట్టుపక్కల చిన్న బడుల నుంచే. యూడైస్ 2024-25 లెక్కల్లో దేశం మొత్తం మీద ఏకోపాధ్యాయ పాఠశాలలు లక్షకు పైగా ఉంటే, ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే దాదాపు 13 వేలు. అన్ని రాష్ట్రాల్లోకీ మనవే ఎక్కువ.

ఒకే టీచరున్న బడి ఎలా చితికిపోతుందో మీకు తెలుసు. ఆ టీచరు కాంప్లెక్సు మీటింగుకు పోతే బడికి తాళం. ట్రైనింగుకు పోతే తాళం. ఆమె బిడ్డకు జ్వరమొచ్చినా తాళమే. పక్క బడి నుంచి వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద తాత్కాలికంగా ఒకరిని పంపితే పక్క బడి కుంటుపడుతుంది. మూడుసార్లు తాళం చూసిన తల్లి నాలుగోసారి వ్యాన్ నంబరు కనుక్కుంటుంది, ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. పిల్లలు తగ్గాక పైనుంచి వచ్చే మాట, "మీ బడికి ఆదరణ లేదు" అని. టీచర్ని తీసేసినందుకు పిల్లలు తగ్గితే, పిల్లలు తగ్గినందుకు టీచర్ని తీసేశామని రాసుకుంటారు.

మూడోది తల్లి ఖాతా. 2020 జనవరిలో అమ్మఒడి పేరుతో 15,000 మొదలైంది. ప్రైవేటు బడిలో చదివే పిల్లల తల్లులకూ ఇచ్చారు. తర్వాత మరుగుదొడ్ల నిర్వహణకు 1,000, బడి నిర్వహణకు 1,000 మినహాయించారు. 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చింది. ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ 13,000 తల్లికి, 2,000 బడుల నిర్వహణకు. మొదటి విడతలో 67 లక్షల మందికి పైగా విద్యార్థులకు ప్రకటించారు. తల్లుల వాటాయే 8,700 కోట్లకు పైన.

ఈ పథకం వద్దని నేను అనను. బడి మానబోయిన ఆడపిల్లలు ఈ డబ్బు వల్ల ఆగడం నా కళ్లతో చూశాను. 75 శాతం హాజరు షరతు వల్ల పత్తి తీతలకు పంపకుండా ఆగిన ఇళ్లున్నాయి. నా బాధ వేరు. మీ 26 మంది పిల్లల పేరు మీద ఏడాదికి 3,38,000 రూపాయలు తల్లుల ఖాతాల్లో పడుతున్నాయి. అదే 26 మంది కూర్చునే బడికి 10,000. ఇక్కడ డబ్బు లేకపోవడం అనే మాటే లేదు. డబ్బు బడిలో పెట్టకుండా పిల్లవాడి జేబులో పెట్టి, నీకు నచ్చిన బడికి పో అంటున్నారు. ఆ 13,000 ప్రైవేటు బడి ఫీజుకు, వ్యాన్‌కు సరిపోదు, మిగతాది అప్పు. అయినా మొదటి విడత కట్టడానికి సరిపోతుంది, పిల్లవాణ్ణి వ్యాన్ ఎక్కించేది ఆ మొదటి విడతే. మినహాయించిన 2,000 కూడా మీ బడి చేతికి నేరుగా వచ్చేది కాదు, పైస్థాయిలో జమవుతుంది. మీ బడి వంతు కింద ఏం ఖర్చయిందో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో లిఖితంగా అడగండి.

దీనికి తోడు విద్యాహక్కు చట్టం 12(1)(సి) సెక్షను కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలి, ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 నుంచి మొదలుపెట్టి పట్టణాల్లో 8,000, గ్రామాల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 ఫీజుగా నిర్ణయించారు. తల్లికి వచ్చే డబ్బులోంచే అది కట్టాలన్నారు. తెలంగాణలో ఈ సెక్షను ఏళ్ల తరబడి అమలుకే రాలేదు. దీని మీద వాదనలు చాలా ఉన్నాయి, అవి ఇక్కడ మొదలుపెడితే మీ ప్రశ్న పక్కకు పోతుంది.

"నాడు-నేడు కింద కోట్లు పెట్టారు కదా" అని మీ ఊళ్లో ఎవరైనా అంటే, నిజమే, పెట్టారు. మొదటి విడతలోనే 15,715 బడులకు మరుగుదొడ్లు, నీళ్లు, ఫర్నిచరు, రంగులు వచ్చాయి. తెలంగాణలో 2022లో అలాంటిదే మన ఊరు-మన బడి మొదలైంది. బడి ముఖం మారింది. కానీ అవి ఒకసారి పెట్టే డబ్బు. గోడ కట్టడానికి అప్పు పుడుతుంది, రోజూ ఊడ్చే మనిషికి జీతం పుట్టదు. బయటి డబ్బుకు ఈ గుణం మొదటినుంచీ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1996లో బ్రిటన్ సాయంతో ఐదు జిల్లాల్లో, ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో 14 జిల్లాల్లో డీపెప్ (జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం) నడిచినప్పుడూ గదులు లేచాయి, రెగ్యులర్ పోస్టుల బదులు విద్యా వలంటీర్లు వచ్చారు. 2021లో ఆంధ్రప్రదేశ్ బడి చదువుల మెరుగుదలకు ప్రపంచ బ్యాంకు ఇచ్చిన 25 కోట్ల డాలర్ల 'సాల్ట్' అప్పు కూడా ఫలితాలు చూపిస్తేనే విడుదలయ్యే రకం.

వేరే దేశాలు ఏం చేశాయో ఒక్క మాట. ఇంగ్లండ్ 1988 చట్టంతో బడి బడ్జెట్‌లో ఎక్కువ భాగాన్ని తలలెక్కకు మార్చింది. పోటీ పద్ధతిని అంత గట్టిగా నమ్మిన దేశం కూడా ఇవాళ తన ఫార్ములాలో ప్రతి బడికీ పిల్లల సంఖ్యతో సంబంధం లేకుండా ఒక స్థిరమైన మొత్తం ఇస్తుంది. విసిరేసినట్టుండే పల్లెటూళ్లలోని చిన్న బడులకు అదనంగా ఇస్తుంది. చిలీలో మున్సిపల్ బడుల పిల్లలు 80 శాతం దగ్గర్నుంచి సగానికన్నా కిందికి పడిపోయారు. 2008లో పేద పిల్లలకు అదనపు మొత్తం పెట్టారు. 2015 చట్టంతో సర్కారు డబ్బు తీసుకునే బడులు లాభం చూసుకోవడాన్ని, తల్లిదండ్రుల దగ్గర పైన ఫీజు తీసుకోవడాన్ని ఆపడం మొదలుపెట్టారు. మనకూ కావలసింది అలాంటి లెక్కే. బడి తలుపు తెరిచి ఉంచడానికి అయ్యే ఖర్చు ముందు పక్కన పెట్టాలి, ఆ తర్వాతే తలలు లెక్కపెట్టాలి. మండలంలో ఏ సమావేశం జరిగినా నేను ఇదే చెబుతూ వచ్చాను, ఇప్పుడూ చెబుతాను.

ఇప్పుడు మీరు చేయగలిగింది. మీ బడిలో 5వ తరగతి దాకా ఉందో, 1, 2 తరగతులే ఉన్నాయో మీరు రాయలేదు. 5 దాకా ఉంటే చట్టం ప్రకారం మీకు ఇద్దరు టీచర్లు రావాలి. "మంజూరైన పోస్టులు ఎన్ని, పని చేస్తున్నవారు ఎందరు, డిప్యుటేషన్ మీద ఎవరైనా వెళ్లారా" అని ఎంఈఓ గారికి కమిటీ తీర్మానం జతచేసి అర్జీ ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నోటితో అడిగితే నోటితోనే జవాబు వస్తుంది. రెండో పోస్టు ఉండి మనిషి వేరేచోట పని చేస్తున్న సందర్భాలు నేను చాలా చూశాను.

నీళ్లు, మరుగుదొడ్ల ఖర్చుకు పంచాయతీని పట్టుకోండి. 15వ ఆర్థిక సంఘం కింద పంచాయతీలకు వచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ముడిపెట్టారు. బడి కుళాయి, బడి మరుగుదొడ్డి ఊళ్లోవే. ఈ ముక్క మీ సర్పంచ్ గారికి తెలిసే ఉంటుంది, గ్రామసభలో అందరి ముందు అడిగితే కాదనలేరు. ప్రహరీ లేకపోతే ఉపాధి హామీ పనుల్లో కట్టించిన ఊళ్లు చాలా ఉన్నాయి. విద్యాహక్కు చట్టం 22వ సెక్షను కింద బడి అభివృద్ధి ప్రణాళిక రాయవలసింది మీ కమిటీయే. అది ఖాళీగా ఉంటే టీచరమ్మతో కూర్చుని నిజమైన ఖర్చులతో నింపండి, ఆమె సొంత డబ్బు పెట్టిన చీపురుతో సహా.

వ్యాన్ ఎక్కిన నలుగురి ఇళ్లకు వెళ్లడానికి మొహమాటపడకండి. ఫీజు ఎంత కట్టారు, ఇంకా ఎంత కట్టాలి అని అడగండి, బడి ఎందుకు మాన్పించారో వాళ్ల నోటితోనే విని రాసుకోండి. టీచరు ఒక్కరే అయినందుకే మాన్పించామని వాళ్లు సంతకం పెట్టి ఇస్తే, ఆ కాగితాన్ని రెండో పోస్టు అర్జీకి జతచేయండి. ఆ నలుగురూ తిరిగొస్తే మీరు 30 అవుతారు, అంటే ఇంకా 10,000 శ్లాబులోనే. ఇంకో పిల్లవాడు కావాలి. మీ ఊరి అంగన్‌వాడీలో ఐదేళ్లు నిండినవాళ్లు ఎందరున్నారో రేపే వెళ్లి చూడండి. సెప్టెంబర్ 30కి ముందు పిల్లల పేర్లు యూడైస్‌లో ఎక్కాయో లేదో టీచరమ్మ ఫోన్‌లో మీ కళ్లతో చూసుకోండి. ఆధార్‌లో పేరు, అడ్మిషన్ రిజిస్టరులో పేరు ఒక్క అక్షరం తేడా వచ్చినా పేరు పక్కకు పోతుంది, ఆ సవరణకు వారం పది రోజులు పట్టొచ్చు. అర్జీ నమూనా కావాలంటే ఇక్కడే అడగండి, రాసి పెడతాను.